చిత్రగుప్తుడి చేతిలో కాన్సర్టీనా

వాయించనివాణ్ని ఏ మేళమూ పోషించదు. కాన్సర్టీనా వాయించేవాళ్ల గుంపు మాత్రం అలాంటివాణ్ని ఒకణ్ని పిలిచి, కుర్చీ వేసి, పక్కన బీరు గ్లాసు కూడా పెడుతుంది. ఆయనకు పాటలు రాక కాదు, వచ్చినా రావంటాడు. కాన్సర్టీనా వాయించడానికి రెండు చేతులూ కావాలి; బొమ్మ గీయడానికి ఒక చెయ్యయినా ఖాళీగా ఉండాలి. అందుకని తోటివాళ్లు మంచి జోరులో ఉన్నప్పుడు "ఇది నాకు రాదు" అని పెట్టె ఒళ్లో దించి, చెవి మీది పెన్సిల్ తీస్తాడు. గుంపులోకి కొత్త ముక్కు వచ్చిన రోజున ఆయనకు ఒక్క పాటా రాదు.

ఇంగ్లండులో పబ్బు వెనకగదిలో నలుగురు చేరి జానపద బాణీలు వాయించుకోవడాన్ని సెషన్ అంటారు. వేదిక ఉండదు, మైకు ఉండదు, శాలువా అసలే ఉండదు. ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, వాన సాయంత్రాలు ఏం చేయాలో తోచక నేను అలాంటి ఒక గదిలో మూల బల్ల పట్టుకున్నాను. అక్కడే ఈయనను చూశాను. ఆ తర్వాత వేరే ఊళ్లలో వేరే సెషన్లకు వెళ్తే, వేరే చొక్కాలో మళ్లీ ఈయనే ఉన్నాడు. రిటైరైన మాస్టారో, మానేసిన ఇంజనీరో అయివుంటాడు. జేబులో పొట్టి పెన్సిళ్లు. కాయితం కొనడం ఆయన వంశంలో లేదు. గీసేదంతా గ్లాసు కింద పెట్టే అట్టబిళ్లల మీద, లాటరీ టికెట్ల వెనక, తప్పితే ఎవరో కష్టపడి రాసి తెచ్చుకున్న స్వరాల కాయితం వెనక. నా మటుకు నేను ఆయనకు చిత్రగుప్తుడని పేరు పెట్టుకున్నాను. పాపాలు నమోదయ్యేది ఆయన దగ్గరే.

కాన్సర్టీనా అనగానే మనవాళ్లకు 'సంగం'లో రాజ్‌కపూర్ మెడలో వేసుకున్నది గుర్తొస్తుంది. అది అకార్డియన్. కాన్సర్టీనా దానికి బాగా చిన్న చుట్టం: రెండు చివర్లా ఆరు మూలల చెక్కలు, వాటి మీద బొత్తాలు, మధ్యలో మడతల తోలుతిత్తి. లోపల మన హార్మణీలో లాగే లోహపు రీడ్లు. కనిపెట్టినాయన మీకు బాగా తెలిసినవాడే. ఇంటర్మీడియట్ ఫిజిక్సు ప్రాక్టికల్సులో గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర నిలబడక మిమ్మల్ని ఏడిపించిన వీట్‌స్టన్. ఆ బ్రిడ్జి ఆలోచన నిజానికి క్రిస్టీ అనే ఆయనది, 1833 నాటిది. వీట్‌స్టన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చి పేరు కొట్టేశాడు. కాన్సర్టీనా మాత్రం సొంతమే. వాద్యాలు చేసి అమ్మే కుటుంబం వాళ్లది. 1829లో ఒక పేటెంటు, 1844లో ఇంకొకటి పుచ్చుకున్నాడు. మధ్యలో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసరూ అయ్యాడు. అదే రోజుల్లో జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఊలిగ్ అనే ఆయన 1834లో తన పద్ధతిలో ఒక పెట్టె చేశాడు. ఇప్పటికీ కాన్సర్టీనావాళ్లలో ఉన్న రెండు ప్రధాన శాఖలకు మూలపురుషులు వీళ్లిద్దరే. మనకున్నన్ని శాఖలు లేకపోయినా పట్టింపులు మాత్రం తక్కువ కాదు.

వ్యంగ్యచిత్రానికి ఈ వాద్యం అంత అనువైనది ఇంకోటి లేదు. ఫిడేలు వాయించేవాడి గడ్డం ఫిడేలు కింద ఉంటుంది. వేణువువాడి నోరు వేణువుకు అంకితం. కాన్సర్టీనా వాయించేవాడికి చేతులు రెండూ తోలుపట్టీల్లో బందీలు, మొహం మాత్రం నిరుద్యోగి. పని లేని మొహం ఊరుకుంటుందా? తిత్తి తెరుచుకున్నప్పుడల్లా నోరు తెరుచుకుంటుంది, మూసుకున్నప్పుడు మూసుకుంటుంది. కష్టమైన చోట నాలిక ఒక పక్కకి వస్తుంది. వేగం పెరిగితే కనుబొమలు నెత్తికెక్కుతాయి. చెవి పక్కన దురద పుడితే గోక్కోవడానికి చెయ్యి లేదు, భుజం సాయం రావాలి. ఇవన్నీ జరుగుతున్నట్టు ఆ మనిషికి తెలియదు. పెళ్లాలకు తెలుసు, చెప్పి చెప్పి మానేశారు. చిత్రగుప్తుడు చెప్పడు, గీస్తాడు.

ఇంగ్లిష్ కాన్సర్టీనా వాయించేవాళ్లది వీట్‌స్టన్ శాఖ. తిత్తి లాగినా నొక్కినా ఒక బొత్తానికి ఒకటే స్వరం. సప్తస్వరాల్లో ఒకటి ఎడమచేతికి, తర్వాతిది కుడిచేతికి, మళ్లీ ఎడమకు. దానితో పాటు తలకాయ కూడా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. బొటనవేళ్లు తోలు ఉచ్చుల్లో, చిటికెనవేళ్లు చిన్న రేకుల మీద. వీళ్లు పద్ధతైన మనుషులు. వెన్ను నిటారుగా, ఎదురుగా పుస్తకం. చిత్రగుప్తుడు వీళ్లకు తల రెండుసార్లు గీసి, చిటికెనవేలును మాత్రం కొంగ మెడంత పొడుగు చేస్తాడు.

రెండో శాఖ ఆంగ్లో. పేరు ఇంగ్లండుదే గాని పుట్టుక జర్మన్. ఇక్కడ తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. అందుకే వాయిద్యంలో ఒక ఊపు ఉంటుంది, కాళ్లు ఆగవు. చిక్కేమిటంటే, కొన్ని బాణీలు లాగమనే చోట్లే ఎక్కువ అడుగుతాయి. లాగి లాగి తిత్తి చివరిదాకా వస్తుంది. అలాంటి ఆపదకోసం కుడి బొటనవేలి దగ్గర గాలి బొత్తం ఉంది, నొక్కితే సడి లేకుండా గాలి మారుతుంది. అది మరిచిన మనిషి చేతులు బార చాపి, కళ్లు తేలేసి, స్వరం కోసం దిక్కులు చూసే క్షణం ఒకటుంది చూశారూ, చిత్రగుప్తుడు గంటల తరబడి కూర్చునేది దానికోసమే. ఆ బొమ్మలో ఎడమచెయ్యి పక్కాయన బీరులో ఉంటుంది, కుడిచెయ్యి కిటికీలోంచి వీధిలోకి.

మూడోది డ్యూయెట్. మంద్రం ఎడమచేతికి, పై స్వరాలు కుడిచేతికి. ఒక్క మనిషే పాటా సహకారమూ రెండూ చేసుకోవచ్చు. మెకాన్, క్రేన్, హేడెన్ అని బొత్తాల అమరికలు వేరు వేరు. ఒకటి నేర్చినవాడికి ఇంకోటి అయోమయం. ఇద్దరు డ్యూయెట్‌వాళ్లు కలిస్తే పెట్టెలు మార్చుకోలేరు, గ్రంథాలు మార్చుకోలేరు, సానుభూతి ఒక్కటే మార్చుకుంటారు. వీళ్లను ఆయన చెరో దీవి మీద కూర్చోబెట్టి చేతులు ఊపిస్తాడు.

వాయించని రకం ఒకటుంది. వీళ్ల దగ్గర జెఫ్రీస్ ఉంటుంది. లండన్‌లో వెనకటి కాలంలో చేసిన పెట్టె, ఇవాళ వేల పౌండ్లు పలుకుతుంది. దాన్ని ఎక్కడ పట్టారు, ఎంతకు పట్టారు, అమ్మినవాడికి దాని విలువ ఎలా తెలియలేదు అనే కథ విన్నంతసేపు మనకు బీరు ఇప్పిస్తారు. ఆ కథానాయకుడి బొమ్మ ఇది: కారు ముందుసీటులో బెల్టు పెట్టుకుని జెఫ్రీస్, వెనకసీటులో సామాన్ల మధ్య భార్య. ఆ భార్య ఆ అట్టబిళ్లను అడిగి మరీ పట్టుకెళ్లింది.

ఇంకొకాయన జేబులో స్క్రూడ్రైవర్ లేనిదే గడప దాటడు. ఎవరి బొత్తమైనా ఇరుక్కుంటే ఆయన కళ్లలో వచ్చే వెలుగు చూడాలి. పక్కకు ఆరు మరలు. పబ్బు దీపాల వెలుతురులో పన్నెండూ విప్పుతాడు. పదకొండు దొరుకుతాయి.

బొమ్మ అందుకున్నవాళ్లు ఏమంటారో నేను జాగ్రత్తగా విన్నాను. అందరిదీ ఒకటే మాట: "మిగతావాళ్లందరూ అచ్చు గుద్దినట్టున్నారు, నాది ఒక్కటే కుదరలేదు." అని, ఆ కుదరనిదాన్ని చొక్కా లోపలి జేబులో భద్రంగా పెట్టుకుంటారు. మనమైతే హాల్లో ఫ్రేము కట్టి తగిలిస్తాం. వీళ్లు మరుగుదొడ్డి గోడకు తగిలిస్తారు. అది అవమానం అనుకోకండి. బహుమతులు, పట్టాలు, ప్రముఖుల పక్కన దిగిన ఫొటోలు, తమ వ్యంగ్యచిత్రాలు చాలామంది ఇంగ్లిష్‌వాళ్ల ఇళ్లలో అక్కడే ఉంటాయి. గొప్ప చెప్పుకున్నట్టూ ఉండకూడదు, వచ్చిన చుట్టం చూడకుండానూ పోకూడదు. తలుపు మూసుకున్నాక చూడక చేసేదేముంది?

నిజంగా నొచ్చుకునేవాళ్లు వేరే ఉన్నారు: ఆయన ఇంకా గీయనివాళ్లు. ఒక పెద్దమనిషి వచ్చిన ప్రతిసారీ పెన్సిలుకు ఎదురుగా కుర్చీ లాక్కుని, మొహానికి రెండు పక్కలా వెలుతురు పడేట్టు తిప్పుకుని వాయించేవాడు. నోరు మూసుకుని, కనుబొమలు కదలకుండా. ఇంకేం గీస్తాడు? "ఆయన మొహంలో ఏమీ జరగడం లేదు" అని చిత్రగుప్తుడు విసుక్కున్నాడు.

ఈ దేశంలో ఇది పాత జబ్బే. 'వానిటీ ఫెయిర్' పత్రిక 1869 నుంచి 1914 దాకా పెద్దమనుషుల వ్యంగ్యచిత్రాలు రంగుల్లో అచ్చేసింది. అందులో పడ్డవాళ్లు దాన్ని గౌరవంగానే పుచ్చుకున్నారు. బాల్‌ఫోర్ అని ఒక ప్రధానమంత్రి ఉండేవాడు, 1902 నుంచి 1905 వరకు. ఆయన బొమ్మా అందులో పడింది. ఆ బాల్‌ఫోర్ కాన్సర్టీనా వాయించేవాడు. ఈ సంగతి చిత్రగుప్తుడికి తెలిసిన దగ్గర్నుంచి ఇప్పటి మంత్రులెవరినీ ఆయన మనుషుల కింద జమకట్టడం లేదు.

ఆయనకు ఇంకో తీరని బాధ ఉంది. 1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్‌లో మారిస్ నృత్యం చేసే బృందం ఒకటి, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఒక ఇంటి ముందు ఆడింది. చలికి కూలిపని ఆగిపోయి, నాలుగు డబ్బులకోసం ఆ కాలం కాని కాలంలో బయల్దేరారు. కాన్సర్టీనా వాయించింది విలియం కింబర్, తాపీపని చేసే మనిషి. ఆ ఇంట్లో చుట్టపుచూపుగా ఉన్న సెసిల్ షార్ప్ అనే సంగీతకారుడు అది చూసి, కింబర్‌ను మర్నాడు పిలిపించి బాణీలు రాసుకున్నాడు. ఇంగ్లండులో జానపద సంగీతం మళ్లీ తలెత్తడానికి ఆ రోజే మొదలని చెప్పుకుంటారు. మనవాడి ఏడుపల్లా, "షార్ప్ బాణీ రాసుకున్నాడు. ముక్కు రాసుకోలేదు!"

ఐర్లండులో ఆయనకు పరాభవం జరిగింది. క్లేర్ జిల్లాలో మిల్‌టౌన్ మాల్బే అనే చిన్న ఊరు. అక్కడ 1973 నుంచి ప్రతి జులైలో విల్లీ క్లాన్సీ అనే సంగీతకారుడి పేరిట సంగీత పాఠశాల జరుగుతుంది. ఆ వారం ఊళ్లో ఏ పబ్బు తలుపు తోసినా వాయిద్యమే. క్లేర్‌లో కాన్సర్టీనా ఆడవాళ్ల వాద్యంగా ఇళ్లలో నిలిచింది. కిల్‌రష్ ఊళ్లో పబ్బు నడిపిన మిసెస్ క్రాటీ పేరు ఇప్పటికీ అందరి నోటా ఉంటుంది. చిత్రగుప్తుడు డజను పెన్సిళ్లు చెక్కుకుని ఎంతో ఆశగా వెళ్లాడు. తీరా చూస్తే, అక్కడ ఎవరి మొహమూ కదలదు! మెరుపులాంటి రీలు బాణీ వాయిస్తున్న అమ్మాయి బస్సు కోసం ఎదురుచూస్తున్నంత నిమ్మళంగా నేలచూపులు చూస్తోంది. పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన, అదే చూపు. నోరు తెరుచుకోదు, నాలిక కనపడదు. వేళ్లు మాత్రం కనపడనంత వేగం. మూడు సాయంత్రాలు కూర్చుని ఆఖరికి బూట్లు గీసుకొచ్చాడు. తాళం వేస్తున్న బూట్లు, అట్టబిళ్లల నిండా. నన్నడిగితే ఆయన గీసినవాటిలో గొప్పవి అవే. గీయడానికి మొహం దొరక్కపోతేనే కళాకారుడు కష్టపడతాడు.

ఒకరోజు నేను మన హార్మణీ గురించి చెప్పాను. పద్యనాటకంలో హార్మణీ ఆయన స్టేజి ముందుపక్కన కూర్చుంటాడని, కృష్ణుడు రాగం తీస్తే వెంట పరుగెత్తుతాడని, జనం వన్స్‌మోర్ అంటే చచ్చినట్టు మళ్లీ మొదటినుంచి పరుగెత్తుతాడని. ఒక చేత్తో తిత్తి, ఒక చేత్తో మెట్లు. "అయితే ఆయనకీ మొహం ఖాళీయే!" అని ఎగిరి గంతేశాడు. ఆలిండియా రేడియో 1940లో హార్మణీని నిషేధించి, 1971 దాకా పట్టు సడలించలేదని కూడా చెప్పాను. గమకాలు పలకదని పెద్దల అభ్యంతరం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, "అదృష్టవంతులు. మా పెట్టెను నిషేధించాలని ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ తోచలేదు" అన్నాడు. ఆ రాత్రి అట్టబిళ్ల మీద బేడీలు వేసుకున్న హార్మోనియం ఒకటి, దాన్ని చూసి కుళ్లుకుంటున్న కాన్సర్టీనా ఒకటి వెలిశాయి. అది నా దగ్గరుంది. ఎక్కడ తగిలించానో చెప్పను.

ఆయనలో పక్షపాతం లేదా అంటే, ఉంది. ఆయన భార్య అదే గుంపులో ఫిడేలు వాయిస్తుంది. ఆవిడ బొమ్మలో ముక్కు కోటేరు వేసినట్టుంటుంది, మెడ హంసది, వయసు పాతికేళ్లు తగ్గుతుంది. ఈ సంగతి గది మొత్తానికి తెలుసు. ఎవరూ ఎత్తరు. ఇంటికెళ్లాల్సినవాడు కదా పాపం.

తన బొమ్మ తాను మాత్రం గీసుకోడు. ఆ లోటు ఆవిడే తీర్చింది. ఒక పండగపూట అందరి ముందూ అట్టబిళ్ల తిప్పి, నాలుగు గీతల్లో దించేసింది: ఒక కన్ను పళ్లెమంత, రెండోది మూసి, నాలిక ఒక పక్కకు, నెత్తి మీద టోపీగా కాన్సర్టీనా. గది గదంతా పడీపడీ నవ్వింది. ఆయన తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతావన్నీ బాగానే కుదురుతాయి నీకు. ఇదొక్కటే నాలా లేదు" అన్నాడు.

మీరెప్పుడైనా ఇంగ్లండు వచ్చి, ఏ పబ్బులోనో ఈ పెట్టెల మోత విని లోపలికి అడుగుపెడితే, వాయించకుండా కూర్చున్న మనిషిని చూసి జాలిపడకండి. కాలరు సర్దుకోవడం, జుట్టు దువ్వుకోవడం కూడా దండగే, ఆయన అప్పటికే మొదలుపెట్టి ఉంటాడు. అట్టబిళ్ల చేతికిచ్చినప్పుడు థాంక్సు చెప్పి జేబులో పెట్టుకోండి. పొరపాటున కూడా "ఇది నాలా లేదే" అనకండి. అంటే వెంటనే ఇంకోటి గీస్తాడు. అది మొదటిదానికన్నా ఎక్కువగా మీలా ఉంటుంది.