తిరగమోతగారు

ప్రతి తెలుగు వార్తల వెబ్‌సైటు డెస్కులోనూ ఒకాయన ఉంటారు. కొత్తగా ఏదీ రాయరు. రాసేవాళ్ళంటే ఆయనకు కోపమూ లేదు. వాళ్ళు రాస్తేనే కదా, రెండేళ్ళు మాగాక తనకు పనికొచ్చేది. రిపోర్టర్లు ఎండన పడి తిరుగుతుంటే, ఫీచర్లు చూసే అమ్మాయి మొదటి వాక్యం కుదరక మూడో టీ తాగుతుంటే, ఈయన ఏసీ గాలికి మఫ్లర్ చుట్టుకుని ఆర్కైవ్‌లోకి దిగుతారు. పావుగంటలో వేడివేడి వ్యాసంతో పైకి వస్తారు. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్నే ఇన్ని ఆవాలూ ఎండుమిర్చీ చిటపటలాడించి, కమ్మటి వాసనతో కంచంలో పెట్టే ఇల్లాలి నేర్పు అది. అందుకే ఆయన అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా వినపడదు. తిరగమోతగారనే అంటారు. ముఖం మీదే అంటారు. ఆయన నొచ్చుకోరు. "వాసనకే ఎంతమంది వచ్చారో చూడు" అంటూ వ్యూస్ లెక్క చూపిస్తారు.

జర్నలిజం ఎక్కడ చదివారో గానీ, ఆయనకు జ్ఞానోదయమైంది మాత్రం అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులోని డిజిటల్ మార్కెటింగ్ కోచింగ్ సెంటర్లో. గూగుల్‌కు తాజా సరుకంటే ఇష్టమని అక్కడ చెప్పారు. తాజా అంటే ఏమిటో కూడా చెప్పే ఉంటారు. ఆ పూట ఈయన మిర్చి బజ్జీల కోసం కిందికి దిగినట్టున్నారు. పేజీకి రెండు తేదీలుంటాయి: మొదట ప్రచురించినది, తర్వాత సవరించినది. పాఠకుడికి రెండోది ఒక్కటే కనపడేలా పెట్టించుకున్నారు. ఇక 2018 నాటి వ్యాసం తెరవడం, ఎక్కడో ఒక కామా తీసేయడం, అప్‌డేట్ మీద నొక్కడం. ముసలి వ్యాసం ‘2 నిమిషాల క్రితం’ పుట్టేస్తుంది. మర్నాడు ఆ కామాను మళ్ళీ పెడతారు. అదీ సవరణే.

పెద్దగా మార్పేమీ చేయకుండా తేదీ మార్చి కొత్తదిగా చూపించుకుంటున్నారేమో, ఒకసారి ఆలోచించుకోమని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే వెబ్‌సైట్లవాళ్ళను అడిగింది. కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు ఆ ముక్కను ప్రింటు తీసి మరీ చూపించాడు. "మార్పు లేదని ఎవరన్నారు తమ్ముడూ? మరి కామా ఎటుపోయింది?" అన్నారు తిరగమోతగారు.

ఉగాది వస్తే ఆయన ముఖం వెలిగిపోతుంది. మన సంవత్సరాలకు అరవై పేర్లుండటం ఆయన దృష్టిలో పెద్దలు వెబ్‌సైట్ల కోసం ముందుచూపుతో చేసిన ఏర్పాటు. శోభకృత్ తీసి క్రోధి, క్రోధి తీసి విశ్వావసు. ఫైండ్ అండ్ రీప్లేస్ ఒక్కసారి నొక్కితే పంచాంగ శ్రవణం పూర్తి. రాశిఫలాలను ఒక్కో గడి పక్కకు జరుపుతారు. నిరుడు మేషం అనుభవించింది ఈ ఏడు వృషభం అనుభవిస్తుంది. "గ్రహాలు మాత్రం ఒకచోట కూర్చుంటాయా?" అని సమర్థన. శార్వరి ఉగాది 2020 మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజునే. వికారి నుంచి జరిపిన ఫలాల్లో మిథున రాశివారికి విదేశీయానం, ఇంటినిండా చుట్టాలు, విందులూ వినోదాలూ పడ్డాయి. ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేసి, "బాబూ, పాలప్యాకెట్టుకని వీధి చివరిదాకా వెళ్తేనే లాఠీ చూపిస్తున్నారు, విదేశాలకు ఎటునుంచి పొమ్మంటారు?" అని అడిగారు. "ఏడాదంతా ముందుంది కదండీ, తొందరెందుకు?" అని ఈయన ధైర్యం చెప్పారు.

ఆషాఢంలో మునగాకు. ఆ నెల మునగాకు తినాలన్న ఆచారం పాతదే, ఆయన వ్యాసమూ పాతదే. మొదట్లో ‘మునగాకుతో 5 లాభాలు’ అని ఉండేది. ఏటా ఒక లాభం పెంచుతూ వచ్చారు. చెట్టు అదే, ఆకు అదే, కొత్తగా ఎవరూ కనిపెట్టిందీ లేదు. పదకొండు దగ్గర సరుకు అయిపోతే ఉన్న లాభాన్నే రెండుగా చీల్చారు: ‘ఇనుము’ ఒకటి, ‘ఐరన్’ ఒకటి. ఆ వ్యాసమే ఫొటో గ్యాలరీ అవుతుంది, వెబ్ స్టోరీ అవుతుంది, యంత్రం గొంతుతో షార్ట్ వీడియో అవుతుంది. చివరికి ‘వీళ్ళు మునగాకు జోలికి అస్సలు వెళ్ళొద్దు’ అనే వ్యాసం కూడా అందులోంచే పుడుతుంది. రెంటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి ‘ఇవీ చదవండి’ అంటారు.

తేదీ మార్చినంత ధైర్యంగా పేజీ చిరునామా మార్చలేరు. శీర్షికలో 2025 ఉంటుంది, పైన చిరునామా గడిలో ‘ఉగాది-2017’ అనే ఉంటుంది. మారిస్తే గూగుల్‌లో ఇన్నేళ్ళూ సంపాదించుకున్న చోటు పోతుందని భయం. పాత చిరునామాకు వచ్చినవాళ్ళను కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ అనే ఏర్పాటు ఉందని ఐటీ కుర్రాళ్ళు చెప్పి చూశారు. ఆయన వినలేదు. మంచి చిరునామాలు మారవని వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారని ఎక్కడో విని, ఆ ఒక్క ముక్కా పట్టుకున్నారు. ఆ మహానుభావుడు చిరునామా సంగతి చెప్పారు గానీ, లోపలి సరుకునూ అలాగే ఉంచమని చెప్పలేదు.

ఆయన నేలమాళిగలో ఇంకా పాతవి ఉన్నాయి. యూనికోడ్ రాకముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లది ఎవరి ఫాంటు వాళ్ళదే. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగాపులగంగా కనిపించేవి. పద్మ లాంటి ఉపకరణాలు వాటిని యూనికోడ్‌లోకి మార్చిపెడతాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని వత్తులూ దీర్ఘాలూ సరిచూడాలి. మనిషి అన్నచోట ఆయనకు ఉత్సాహం తగ్గుతుంది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ఆపేసినప్పుడు ఆనాటి సంక్రాంతి గ్రీటింగుల్లో తల ఊపే గంగిరెద్దు కాస్తా ఖాళీ గడి అయింది. ఆ గడి కింద ‘గంగిరెద్దు ఆట చూడండి’ అన్న వాక్యం ఇప్పటికీ ఉంది. ఈ ఉదయమే అప్‌డేట్ అయింది కూడా. ‘కొత్త 2000 నోటు అసలుదో నకిలీదో గుర్తించడం ఎలా’ అన్నదీ అంతే. 2023 మే 19న రిజర్వు బ్యాంకు ఆ నోటును ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించాక కూడా అది కొత్త నోటే.

2023 ఆగస్టులో అమెరికాలోని సీనెట్ వెబ్‌సైటు వేల పాత కథనాలను తీసేసిందన్న వార్త చదివిన రోజు ఆయన మధ్యాహ్నం భోజనం చేయలేదు. పాతవి తగ్గిస్తే గూగుల్ దగ్గర పరపతి పెరుగుతుందని సీనెట్ ఆశ. పాతబడ్డాయన్న కారణంతో తీసేసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదని గూగుల్ వాళ్ళే తేల్చారు. తీసే ముందు ప్రతులను వేబ్యాక్ మెషీన్‌లో దాచామని సీనెట్ చెప్పుకుంది. ఆ మెషీన్ పేరెత్తితే తిరగమోతగారికి గిట్టదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 2001లో జనానికి తెరిచిన ఆ గిడ్డంగి, తను దాచుకున్న పేజీ ఏ రోజు ఎలా ఉండేదో బయటపెట్టేస్తుంది. ట్రైనీ కుర్రాడు అందులోంచి మునగాకు వ్యాసాన్ని ఏళ్ళవారీగా తీసి వరసగా పరిచాడు. "మనింట్లో సీసీ కెమెరా పెట్టమని వీళ్ళకు ఎవరు చెప్పార్రా?" అన్నారు.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. పెళ్ళిరోజున భార్యకు వాట్సాప్‌లో పంపే కవిత ఏటా ఒకటే, అంకె మారుతుంది. ఆవిడా తక్కువ తినలేదు. ‘చాలా బాగుందండీ’ అన్న నిరుటి జవాబునే కాపీ చేసి పంపుతారు.

నవ్వు రాని చోటు ఒకటుంది. ఆదాయ ధ్రువపత్రానికి ఏ కాగితాలు కావాలి, ఎక్కడికి వెళ్ళాలి అన్న వ్యాసం చూసుకుని ఎవరో పల్లెలో బస్సెక్కుతారు. పైన ‘ఈరోజు’ అని ఉంటే లోపలిది కూడా ఈరోజుదే అనుకుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అలా వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్ళలో తిరగమోతగారి సొంత మేనల్లుడు కూడా ఉన్నాడు. అప్పుడు మాత్రం ఆయన మీసేవ కేంద్రానికి ఫోన్ చేశారు, తహసీల్దారు ఆఫీసులో ఉన్న దూరపు చుట్టాన్ని కదిలించారు, వ్యాసాన్ని మొదటి నుంచి చివరిదాకా సరిచేశారు. నిజం చెప్పాలంటే ఆయన చేతిలోంచి వచ్చినవాటిలో అదే మంచిది. వ్యూస్ రాలేదు. "నిజానికి గిరాకీ లేదు తమ్ముడూ" అని మళ్ళీ మునగాకులోకి వెళ్ళిపోయారు.

ఇవన్నీ చిల్లర పనులు. ఆయన ప్రాణమంతా పుష్కరాల మీద ఉంది. బృహస్పతి సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరాలు. 2015 జులైలో వచ్చాయి, మళ్ళీ 2027లో. 2015 వ్యాసాన్ని పట్టుబట్టలో చుట్టినట్టు దాచుకుని, ముందే సిద్ధం చేసుకుందామని ఒకరోజు బయటికి తీశారు. మొదటి వాక్యంలోనే కాలు జారింది. ‘రాజమండ్రి’ అని ఉంది. పుష్కరాలు అయిన మూడు నెలలకే, 2015 అక్టోబరులో, దాని అధికారిక నామం రాజమహేంద్రవరం అయింది. సరే, మార్చారు. ‘తూర్పుగోదావరి జిల్లా కేంద్రమైన కాకినాడ నుంచి’ అని రెండో వాక్యం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కాకినాడ వేరే జిల్లా అయి కూర్చుంది, తూర్పుగోదావరికి రాజమహేంద్రవరమే కేంద్రమైంది. అదీ మార్చారు. కొవ్వూరు దగ్గర మాత్రం మౌసు వదిలేశారు. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు ఇప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో ఉంది. "నది తిరిగిందా, జిల్లా తిరిగిందా?" అంటూ మ్యాప్ తెరిచి చూశారు. పశ్చిమగోదావరికేమో కేంద్రం ఏలూరు కాదు, భీమవరం. ఏలూరు తానే ఒక జిల్లా.

ఎగువకు వెళ్తే ఇంకా ఘోరం. 2015లో తెలంగాణకు 10 జిల్లాలు. 2016 అక్టోబరులో 31, 2019లో 33. బాసర ఆదిలాబాద్ వదిలి నిర్మల్‌లో చేరింది, ధర్మపురి కరీంనగర్ వదిలి జగిత్యాలలో, భద్రాచలం ఖమ్మం వదిలి భద్రాద్రి కొత్తగూడెంలో. దేవుళ్ళెవరూ పీటల మీంచి లేవలేదు గానీ అందరి అడ్రసులూ మారాయి. విసుగొచ్చి ‘కరీంనగర్’ అన్న ప్రతిచోటా ఒకేసారి ‘జగిత్యాల’ కొట్టేశారు. దాంతో కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పని కూడా ఊరు మారింది. ఒక్క యానాం మాత్రం అప్పుడూ పుదుచ్చేరిదే, ఇప్పుడూ పుదుచ్చేరిదే. ఆ పేరా వచ్చినప్పుడల్లా ఆయన కుర్చీలో వెనక్కి వాలి టీ తెప్పించుకుంటారు.

"అన్నా, ఇన్ని మార్చే బదులు కొత్తది రాసేస్తే పోయేది కదా?" అన్నాడు ట్రైనీ.

"కొత్తదానికి వయసేది తమ్ముడూ? గూగుల్ ఎట్లా నమ్ముతుంది?"

మొత్తానికి 2027 ఫైలు సిద్ధమైంది. లక్షలాది భక్తులు స్నానాలు చేసేశారు, అధికారులు విస్తృత ఏర్పాట్లు చేసేశారు, ఘాట్లన్నీ కిటకిటలాడుతున్నాయి. ఏర్పాట్లను పర్యవేక్షించిన మంత్రిగారి పేరొక్కటే ఖాళీ. దాని పక్కనే 2039 ఫైలు కూడా తెరిచి పెట్టారు. అందులో బృహస్పతి ఉన్నాడు, సింహరాశి ఉంది, భక్తులున్నారు. మంత్రి పేరూ జిల్లా పేరూ ఖాళీ. ఊరి పేరు దగ్గర రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండూ రాసి, మూడో పేరు పట్టేంత చోటు వదిలారు.