అజ్జరం బిందె, మూడూళ్ల నీళ్లు

ఈ కథ చెప్పుకుంటున్నది ఓ ఇత్తడి బిందె. అయినా ఇందులో ‘నేను’ అన్న మాట రాదు. యాభై ఏళ్లకు పైగా ఇంటిల్లిపాదీ ‘ఆ బిందె ఇలా అందుకో’, ‘బిందె నిండిందేమో చూడు’ అంటూ వచ్చారు. వినీ వినీ దానికీ తనని తాను బిందె అనుకోవడమే అలవాటైపోయింది.

పుట్టింది అజ్జరంలో. ఇత్తడి సామానుకు గోదావరి జిల్లాల్లో పేరుపడ్డ ఊరు అది. రేకును సుత్తితో సాగగొట్టి, పొట్ట ఉబ్బించి, మెడ అతికి, అంచు మడిచారు. ఆ సుత్తి దెబ్బల గుంటలు ఇప్పటికీ పొట్ట మీద చేప పొలుసుల్లా కనబడతాయి. 1971లో గుడివాడలో ఓ సామాన్ల కొట్టువాడు దాన్ని కాటా వేసి అమ్మాడు. కొన్నాయన కూతురికి సారె పెట్టాలని కొన్నాడు. మెడ కింద పెళ్లికూతురి పేరు, పెళ్లి తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించాడు. పట్టేది 15 లీటర్లు.

తొలిసారి అందులో పడ్డవి గుడివాడ కాలవ నీళ్లు. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957కల్లా ఆ పని ప్రకాశం బ్యారేజీ అందుకుంది. ఈ డెల్టాలో పొలానికి పారే నీళ్లు, మనిషి తాగే నీళ్లు ఆనకట్ట నాటి నుంచీ ఒకే కాలవలో వస్తున్నాయి. ఆ రోజు కాలవ ఒండ్రు రంగులో ఉంది. పెళ్లికూతురి నాయనమ్మ ఓ చిల్లగింజను మట్టికుండ లోపలి గోడకు గరగరా అరగదీసి, నీళ్లు పోసి మూత పెట్టింది. కాసేపటికి మన్ను అడుక్కి దిగి, పైన తేట నిలిచింది. గుడ్డలో వడగట్టి బిందెలోకి వంచింది. “చూడవే, అద్దంలా ఉన్నాయి” అని మురిసిపోయింది. అద్దంలాంటి నీళ్లలోనూ ఏమేం దాగి ఉండొచ్చో ఆవిడకు తెలీదు, బిందెకూ తెలీదు.

పెళ్లయ్యాక సారె సామానంతా బస్సు టాపెక్కి, పామర్రు, చల్లపల్లి మీదుగా దివిసీమకు బయల్దేరింది. పులిగడ్డ దగ్గర బిందె ఓ వింత చూసింది. కింద కృష్ణ పాయ, దాని నెత్తి మీదుగా అక్విడక్టులో కాలవ. కింద అంత ఏరుండగా పైన మళ్లీ నీళ్లు మోసుకుపోవడం ఎందుకో అత్తారింట్లో దిగిన రోజే అర్థమైంది. కొత్త కోడలు పెరటి బావిలో చేద వేసి నీళ్లు తోడి బిందెలో పోస్తుంటే అత్తగారు నవ్వింది.

“ఆ నీళ్లు అంట్లు తోముకోడానికమ్మాయ్. వాటికి పప్పుడకదు. తాగడానికి చెరువు నీళ్లు తెచ్చుకోవాలి.”

“చూడ్డానికి బాగానే ఉన్నాయిగా అత్తయ్యా?”

“చూస్తే ఏం తెలుస్తుంది? ఓ గుక్క తాగి చూడు.”

దివిలో నీళ్లకు అప్పుడూ ఇప్పుడూ పరీక్ష నాలుకే. లీటరు సముద్రపు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అది భూమిలోంచి ఎంత కొంచెం ఊరివచ్చినా నాలుకకు తెలిసిపోతుంది. లీటరులో క్లోరైడు 250 మిల్లీగ్రాములు దాటితే రుచిలో తేడా పట్టుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు కూడా అదే 250. వేరే దారి లేని చోట 1000 దాకా సర్దుకోమంటుంది. అత్తగారికి ఈ అంకెలేవీ తెలియవు. ఒక్క గుక్కతో “ఇది కాలవ నీరు, ఇది చెరువు అడుగు నీరు, దీంట్లో ఉప్పెక్కుతోంది” అని తేల్చేసేది. ఆవిడ మాట ఎన్నడూ తప్పలేదు, ఉప్పు విషయంలో.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కలోనే పోయినవాళ్లు పది వేల దాకా ఉన్నారు. బిందె రెండూళ్ల అవతల ఓ తుమ్మచెట్టు మొదట్లో దొరికింది. నిండా బురద, అంచు చుట్టూ ఉప్పు పేరుకుని ఉంది. మెడ కింది పేరు చదివి ఎవరో తెచ్చిచ్చారు. ఆ పేరు గలావిడ బతికింది. అత్తగారు లేదు.

చెరువుల్లో ఉప్పునీళ్లు, పశువుల కళేబరాలు. బయటి నుంచి లారీల్లో నీళ్లొచ్చేవి. బావుల్లో బ్లీచింగు పౌడరు కలిపారు. ఆ ఘాటైన మందు వాసన బిందె మొదటిసారి ఎరిగింది అప్పుడే. మనుషుల్ని కాపాడిన వాసనే అది. కానీ ఆ ఇంట్లో మటుకు అది చావుల రోజుల వాసనగా ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు నీళ్లలో ఆ వాసన తగిలినా బిందె గలావిడ మొహం తిప్పుకునేది. ‘మందు నీళ్లు’ అని మొక్కలకు పారబోసేది.

మరికొన్నేళ్లకు ఇంటాయన ఉద్యోగం రీత్యా కాపురం బందరుకు మారింది. ఇంటి ముందు మురిక్కాలవ, దాని పక్కనే కుళాయి. 1864 నవంబరులో ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన ఈ ఊరిదే. ఉప్పెన కథ ఇక్కడ కొత్తేం కాదు. బోరు వేస్తే ఉప్పునీళ్లు రావడమూ కొత్త కాదు. కుళాయే కొత్త.

ఆ కుళాయిలోకి నీళ్లు తరకటూరు చెరువు నుంచి వస్తాయి. వేసవిలో కాలవలు కట్టేసేలోపు చెరువు నింపుకుని, మళ్లీ వదిలేదాకా దాంతో నెట్టుకురావాలి. చెరువు నీళ్లలో ముందు పటిక కలుపుతారు. బందరు పక్కనే పెడనలో కలంకారీ అద్దకంవాళ్లు వాడేదీ పటికే. అక్కడ రంగు గుడ్డను వదలకుండా పట్టి ఉంచుతుంది. ఇక్కడ నలుసులన్నిటినీ ఒకచోట చేర్చి ముద్దగా కిందికి దించుతుంది. గుడివాడ నాయనమ్మ చిల్లగింజ చేసిన పనే ఇది, పెద్ద ఎత్తున. తర్వాత ఇసుక పడకల్లోంచి వడగడతారు. ఆఖర్న క్లోరిన్, ఆ మందు వాసన దీనిదే. అక్కణ్నుంచి ఎత్తు ట్యాంకులకు, ట్యాంకుల్లోంచి వీధి గొట్టాలకు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక ఈ నీళ్లలో గోదావరి కూడా కలుస్తోంది. అజ్జరం బిందెకు ఇన్నాళ్లకు పుట్టింటి నీళ్లు అందాయి.

అంతా బాగున్నట్టే ఉంది కదా. కానీ ఓ వానాకాలం ఇంట్లో మనవడికి పచ్చ కామెర్లు. పక్క వీధిలో ఇంకో ఇద్దరికి. ఆకు పసరు పోయించారు, పత్యం పెట్టారు. ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ముందుగా అడిగిన మాట, “ఏ నీళ్లు తాగుతున్నారు?”

“కుళాయి నీళ్లేనండి. తియ్యగా ఉంటాయి.”

రుచి అడగలేదు డాక్టరు. అసలు సంగతి గొట్టంలో ఉంది. ఆ వీధికి నీళ్లొచ్చేది రోజు విడిచి రోజు, గంటసేపు. మిగతా వేళల్లో గొట్టం ఖాళీ. నీళ్లు ఒత్తిడితో పారుతున్నంత సేపూ అతుకులో సందుంటే లోపలి నీళ్లే బయటికి చిమ్ముతాయి. నీళ్లు ఆగిపోగానే ఆ సందులోంచే బయటి మురుగు లోపలికి దిగుతుంది. పైగా వీధిలో నలుగురు కుళాయికి మోటారు బిగించి లాగితే, గొట్టం పీల్చే బుడ్డిలా మారి పక్కనున్నదాన్నల్లా లాక్కుంటుంది. ఆ వీధి గొట్టం మురిక్కాలవ అడుగునుంచే పోతోంది. నీళ్లు వదిలినప్పుడు బిందెలో మొదట పడే రెండు చెంబుల నీళ్లు కాస్త రంగుగా ఉంటాయని ఇంట్లో అందరూ ఎరుగుదురు. “తుప్పులే” అనుకునేవాళ్లు.

నాలుగిళ్ల కుళాయి నీళ్లు చిన్న సీసాల్లో పట్టి పరీక్షకు పెట్టారు. లోపల ఓ కాగితం ముక్క ఉంటుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో తెచ్చిన పద్ధతి అది. మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. నాలుగింట్లో రెండు నల్లబడ్డాయి. ఆ రెంటిలో ఒకటి ఈ ఇంటిది. ఉప్పు సంగతికొస్తే ఐఎస్ 10500 మిల్లీగ్రాముల్లో బేరమాడుతుంది. ఈ విషయంలో బేరం లేదు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క ఈ-కోలి బ్యాక్టీరియా కూడా కనబడకూడదు. దివి అత్తగారి నాలుక కూడా దాన్ని పట్టలేదు.

ఇది ఒక్క వీధి గొడవ కాదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. హైదరాబాదు భోలక్‌పూర్‌లో 2009లో జరిగిందీ ఇలాంటిదే. విరుగుడు ఏమిటో ఒడిశాలో పూరీ చేసి చూపించింది. 2021 జులై నుంచి అక్కడ కుళాయిల్లో 24 గంటలూ నీళ్లు, నేరుగా తాగేటట్టు ఇస్తున్నారు. గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటే మురుగు దిగడానికి చోటుండదు. మనకు లెక్కలైతే ఉన్నాయి. పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లని 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ అంటుంది. పట్నంలో 135 అని నిబంధన. ఈ బిందెతో కొలిస్తే ఒకటి నాలుగు బిందెలకు కాస్త తక్కువ, రెండోది సరిగ్గా తొమ్మిది. ఆ తొమ్మిదీ ఒక్క గంటలో వస్తాయా, రోజంతా వస్తాయా అన్న దగ్గరే తేడా అంతా ఉంది.

కామెర్ల తర్వాత ఇంట్లోకి 20 లీటర్ల టిన్ను వచ్చింది. అప్పటికే ఊరూరా ఆర్వో ప్లాంట్లు. 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి అంటూ ప్రభుత్వమే 20 లీటర్లు 2 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్వో ఉప్పును తీసేస్తుంది. నాలుకకు ఇంకేం కావాలి? బిందె అటకెక్కింది. అక్కణ్నుంచి దానికి టిన్ను బాగా కనబడేది. మూతి చిన్నది, చెయ్యి దూరదు, లోపల తోమేవాళ్లు లేరు. ఇంట్లో కుండలో పోశాక పిల్లలు గ్లాసు చేతితో సహా ముంచేవాళ్లు. ఆ నీళ్లలో క్లోరిన్ లేదు. ఒక్కసారి ఏదైనా కలిస్తే అడ్డుకునేది ఏదీ లేదు.

బిందెకు తన గురించి చెప్పుకోదగ్గ ముక్క ఒకటుంది. 2005లో భారత్, బ్రిటన్ పరిశోధకులు ఇత్తడి పాత్రల్లో ఈ-కోలి ఉన్న నీళ్లు పోసి చూశారు. 48 గంటల్లో అవి లెక్కకు అందనంతగా తగ్గిపోయాయి. ప్లాస్టిక్‌లో అలా జరగలేదు. అటక మీద ఉన్నప్పుడు ఈ సంగతి తలుచుకుని బిందె కాస్త మిడిసిపడింది కూడా. కానీ పొద్దున పట్టిన నీళ్లు సాయంత్రానికల్లా తాగేసే ఇంట్లో 48 గంటలు ఆగేదెవరు? క్లోరిన్‌కైతే అరగంట చాలు.

మొన్నీమధ్య మనవరాలు బిందెను దింపి చింతపండు, ఉప్పు వేసి తోమింది. పేరు మళ్లీ మెరిసింది. ఆ పేరు గలావిడ ఇప్పుడు ముసలావిడ, అరుగు మీద కూర్చుని చూస్తోంది. నీళ్లు వదిలారు. మొదటి రెండు బకెట్లు మొక్కలకు పోసింది పిల్ల. తర్వాత బిందె పెట్టింది. లోపల నీళ్లు ఎక్కేకొద్దీ చప్పుడు సన్నబడుతోంది.

“మందు వాసనొస్తోందే. పారబొయ్యి” అంది ముసలావిడ.

“ఉండు నాయనమ్మా.”

వార్డు సచివాలయం నుంచి వచ్చినాయన దగ్గర చిన్న గాజు గొట్టం ఉంది. పిల్ల దాంట్లో కుళాయి నీళ్లు పట్టింది. ఆయన కొన్ని చుక్కలు వేశాడు. నీళ్లు మెల్లగా పసుపుకు తిరిగాయి. “క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలమ్మా, మీ వీధి చివర దాకా” అంటూ ఆయన రంగుల పట్టీ పక్కన పెట్టి చూసుకుంటున్నాడు. అంతలో పిల్ల గొట్టం అందుకుని బిందె పొట్టకు ఆనించి, రెండు పసుపుల్నీ పక్కపక్కన చూపించింది. ఇత్తడి పసుపు ముదురుగా ఉంది. గొట్టంలోది పల్చటి నిమ్మపండు రంగు.

ముసలావిడ అరుగు దిగి వచ్చి, కళ్లజోడు సర్దుకుని ఆ రెంటి వైపూ చాలాసేపు చూసింది. తర్వాత వంగి బిందెలో ముక్కు పెట్టి, ఈసారి నాలుకకు పని చెప్పకుండా, ఓసారి వాసన పీల్చింది.

“ఊ, మూత పెట్టు” అంది.