చిల్లుబాల్చి పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం చూచాయగా తేల్చవచ్చు. ఇంటింటా ప్లాస్టిక్ బాల్చీలు వచ్చాక, పెరళ్ళు పోయి డాబాలు మిగిలాక పుట్టినది. ఋతువు విషయంలో తగవే లేదు. వేసంగిలో ఇలాంటి పద్యం ఎవరూ కట్టరు. మే నెల మధ్యాహ్నం డాబా మీద వట్టి కాళ్ళతో నిలబడ్డవాడికి గణాలు గుర్తుండవు. కార్తీకంలో చల్లగాలి తగలగానే తోట మీద మనసు పుట్టి, నర్సరీ ముందు ఆగి, కుండీ ధర అడిగి, మారు మాట్లాడకుండా ఇంటికి తిరిగివచ్చిన గృహస్థు దీనికి నాయకుడు.

పద్యం

చిల్లు పడిన బాల్చి చెత్తమన్నును బోసి
పోపుపెట్టెలోన పుట్టు విత్తు
చల్లి నీళ్ళు చిలికి సంకురాత్రికిఁ గోయు
వాడె తోటమాలి వసుధలోన!

ఛందస్సు ఆటవెలది. పొదుపుగా పద్యం రాయదలచినవాళ్ళు దీన్నే ఎంచుకుంటారు. ఇందులో ప్రాస నియమం లేదు కనుక ఆ ఖర్చు కలిసివస్తుంది.

టీక

చిల్లు పడిన = కన్నమైన; బాల్చి = బాల్చీలో. ఇక్కడ మొదటి చిక్కు. లోకంలో బాల్చీలు పక్కన పగులుతాయి, చెవులు ఊడతాయి. కోరుకున్నచోట, అంటే అడుగున, చిల్లు పడేవి అరుదు. కనుక ‘పడిన’ అన్నదాన్ని ‘పెట్టిన’ అని గ్రహించాలి. మేకు ఎర్రగా కాల్చి అడుగున నాలుగైదు చోట్ల చిటికెనవేలు పట్టేంత కన్నాలు పెట్టి, ఒక్కో కన్నం మీద కుండ పెంకు బోర్లించాలి. నీరు పోవాలి, మన్ను పోకూడదు. బాల్చీ లేనివారు ఖాళీ బియ్యం సంచి అంచు కిందికి మడిచి వాడుకుంటారు. ఎండకు అది పీచుపీచుగా రాలిపోతుంది గానీ ఒక్క చలికాలానికి ఢోకా లేదు. ఆకుకూరలకు జానెడు లోతు చాలు, ముల్లంగికి అడుగు కావాలి. ఈ శబ్దంలో శ్లేష కూడా ఉంది. చిల్లు బాల్చీకి పడితే తోట వస్తుంది, తోట పేరు చెప్పి జేబుకు పడితే బాల్చీలే మిగులుతాయి. చేతి తొడుగులు, రంగురంగుల పారలు, తుంపర డబ్బా కొని, తీరా గింజ వేయడం మరిచినవారిని ఉద్దేశించి కవి ఈ మాట వాడాడని మా ఊహ.

చెత్తమన్నును = చెత్త కలిసిన మట్టిని. పద్యంలో అన్నిటికన్నా బరువైన పదం ఇదే. కవి తన ఖర్చంతా దీని కింద దాచి, పైకి ఏమీ ఎరగనట్టు ముందుకు నడిచాడు. ఏ చెత్త? పొద్దున తరిగిన కాకరకాయ తొక్కలు మధ్యాహ్నం బాల్చీలో కుమ్మరిస్తే అది చెత్తమన్ను కాదు, చెత్తబుట్ట. మట్టిలో అవి కుళ్ళుతున్నప్పుడు పుట్టే వేడికి మొలక నిలవదు, పైగా ఈగలు. రెండు మూడు నెలలు మాగి, నల్లబడి, గుప్పిట్లోకి తీసుకుంటే తొక్క ఏదో ఆకు ఏదో పోల్చుకోలేనంతగా చివికి, తొలకరి నేల వాసన వేసేదాన్ని ఈ పద్యంలో చెత్త అంటారు. కార్తీకంలో విత్తాలంటే శ్రావణంలోనే మొదలుపెట్టి ఉండాలి. కొత్తగా తోట పెట్టేవాడు శ్రావణంలో ఆ ఆలోచనలోనే లేడు. కనుక ఈ ఒక్కదాని మీద అతను డబ్బు పెట్టక తప్పదు. చివికిన పశువుల ఎరువు ఒక బస్తా కొనాలి.

కొలత విషయంలో పెద్దలు మూడు పాళ్ళ లెక్క చెబుతారు. ఎర్రమన్ను ఒక పాలు, ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు. కొబ్బరిపొట్టు దొరకనిచోట వడ్ల ఊక వేసి సరిపెట్టుకోవచ్చు. ఉత్త నల్లరేగడి బాల్చీకి పనికిరాదు. తడిస్తే జిగట, ఆరితే బీటలు. పచ్చిపేడ అంతకన్నా వద్దు. పైన గుప్పెడు వేపపిండి కలిపితే చెదలకు, వేరు పురుగులకు కొంత అడ్డం. విత్తనాల మీద వంద ఖర్చుపెట్టి మట్టి దగ్గర పది మిగుల్చుకునేవారి తోటలు ఎలా ఉంటాయో కవి వర్ణించలేదు. కరుణరసం ఆటవెలదిలో పట్టదనుకున్నాడేమో.

పోసి = నింపి. ఎక్కడ పెట్టి నింపాలి? 20 లీటర్ల బాల్చీ తడిమట్టితో నిండితే పాతిక కిలోలు దాటుతుంది. ముందు నింపి తరువాత జరుపుదామనుకునేవారికి నడుము సాక్షి. కనుక ముందు చోటు, ఆపైన మన్ను. చోటు చూడటంలోనూ ఒక మర్మం ఉంది. దక్షిణాయనం చివర్లో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. డిసెంబరు మూడోవారంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా అతను నడినెత్తికి రాడు, ఇంచుమించు సగం ఎత్తులో ఆగిపోతాడు. మూడడుగుల దక్షిణపు పిట్టగోడ అప్పుడు కూడా లోపలికి రెండున్నర అడుగుల నీడ పరుస్తుంది. ‘గోడ వారగా ఉంటే అడ్డం రావు’ అని ఇంట్లోవాళ్ళు పెట్టించిన బాల్చీలన్నీ ఆ నీడలోనే ఉంటాయి. ఉత్తరపు గోడ వారగా పెడితే నీడ బయటికి పడుతుంది, ఎండ బాల్చీకి దక్కుతుంది, ఇంట్లోవాళ్ళకూ అడ్డం ఉండదు.

పోపుపెట్టెలోన పుట్టు విత్తు = పోపుపెట్టెలో దొరికే గింజ. శంక: విత్తు చేలో పుడుతుంది గానీ పోపుపెట్టెలో ఎలా పుడుతుంది? సమాధానం: ఊళ్ళో అప్పు పుట్టడం లేదు అన్నప్పుడు ఎలా పుడుతుందో అలాగే. పుట్టు అనగా దొరుకు. అయితే పెట్టెలో ఉన్నదల్లా విత్తు కాదు. మినప్పప్పు, శనగపప్పు బద్దలైనవి, మొలవవు. వేయించినవి అసలే మొలవవు. జీలకర్ర జోలికి పోవద్దు. మిగిలిన వీరులు ఇద్దరు: మెంతులు, ధనియాలు. ఆవాలు కూడా మొలుస్తాయి గానీ ఆవాకు మన వంటింట్లో అంత చెల్లుబాటు కాలేదు.

ధనియం విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. మనం గింజ అనుకునేది నిజానికి కాయ. లోపల రెండు గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. గట్టినేల మీద పోసి చెక్కతోనో అరచేత్తోనో మెల్లగా నలిపితే రెండుగా విడిపోతాయి. దంచకూడదు; దంచితే అది చారుపొడి అవుతుంది. విడిపోయినవాటిని రాత్రంతా నానబెట్టి పొద్దున చల్లాలి. కిరాణాకొట్టు ధనియాలు ఎన్నాళ్ళ పాతవో ఎవరికీ తెలియదు కాబట్టి, ముందు ఓ పది గింజలు తడిబట్టలో మూటగట్టి చూడటం మంచిది. సగమైనా మొలకెత్తకపోతే అవి చారుకే ప్రాప్తం.

చల్లి = పల్చగా వెదజల్లి. పైన అర అంగుళం మన్ను కప్పి. మెంతులు మూడు నుంచి అయిదు రోజుల్లో తల ఎత్తుతాయి. ధనియాలు ఎనిమిది రోజులకు గానీ ఉలకవు, చలి ఎక్కువైతే పదిహేను రోజులైనా పడుతుంది. అయిదోనాడు వేలు పెట్టి తవ్వి చూసేవారిని శాస్త్రం నిషేధించింది.

నీళ్ళు చిలికి = నీటిని చిలకరించి. కొందరు ‘చిలికి’ అంటే ‘కవ్వంతో మథించి’ అని చెప్పి, జీవామృతం దాకా లాక్కుపోయారు. అంత దూరం అక్కర్లేదు. ‘పోసి’ అని మన్నుకు వాడిన కవి, నీళ్ళకు వచ్చేసరికి ‘చిలికి’ అన్నాడు. ఉద్దేశం స్పష్టం. చెంబుతో కుమ్మరించకూడదు. చలికాలంలో తడి త్వరగా ఆరదు. రోజూ పోస్తే వేళ్ళకు గాలి ఆడదు. అప్పుడొచ్చేది నారుకుళ్ళు. మొక్క మొదట్లో, సరిగ్గా మట్టిని తాకేచోట, కాడ నీళ్ళలో నానినట్టు మెత్తబడి, దారంలా సన్నబడుతుంది. పైన రెండాకులూ పచ్చగానే ఉండగా మొక్క పక్కకు ఒరిగిపోతుంది. కొత్తవాడు దాన్ని చూసి ‘అయ్యో, దాహం వేసింది పాపం’ అని మరో చెంబు పోస్తాడు. మర్నాటికి పక్క మొక్కలూ ఒరుగుతాయి. ఈ పద్యం తెలియక పోయిన మొక్కలన్నీ ఇలా దయ వల్ల పోయినవే. వేలు ఒక కణుపు లోతు మట్టిలో దింపి చూడాలి, తడి తగిలితే ఆ పూటకు చెంబు దించేయాలి. మూతకు సూదితో కన్నాలు పొడిచిన పాత నీళ్ళ సీసా ఈ పనికి చాలు. పొద్దున పూట చిలికితే ఆకుల మీది తడి ఎండకు ఆరుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో పేనుబంక చేరితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి ఆకు అడుగున పడేలా అదే సీసాతో కొట్టవచ్చు.

సంకురాత్రికిన్ = సంక్రాంతి నాటికి. కవి గణితం తెలిసినవాడు. కార్తీకపౌర్ణమి నుంచి సంక్రాంతికి సుమారు రెండు నెలలు. మెంతికూర 25 రోజులకు, పాలకూర నెలకు, కొత్తిమీర 40 నుంచి 45 రోజులకు కోతకు వస్తాయి. ముల్లంగి కూడా పండగలోపే ఊరుతుంది. ఇంతమందికి చోటిచ్చిన పద్యంలో టమాటా ఊసు లేదు, గమనించండి. గింజ వేసి నారు పోసి నాటితే తొలి పండుకు మూడు నెలలు పడుతుంది, కనుమ కూడా దాటిపోతుంది. పండగకే కావాలంటే నారు కొనాలి. నారు కొంటే పోపుపెట్టె పద్యం చెడుతుంది.

కోయు = కత్తిరించు. మెంతిని రెండంగుళాలు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. పీకితే అంతటితో సరి.

వాడె తోటమాలి = అతడే తోటమాలి. వసుధలోన = భూమి మీద. పాదపూరణం. రెండో అంతస్తు డాబా వసుధలోకి వస్తుందా అని చర్చించినవారున్నారు. వారికి వేరే పని లేదు.

తాత్పర్యం

పాత బాల్చీకి కన్నాలు పెట్టి, మంచి మన్ను నింపి, మెంతులు ధనియాలు చల్లి, నీళ్ళ దగ్గర చెయ్యి బిగబట్టి, పండగకు కూర కోసుకున్నవాడే తోటమాలి.

విశేషాలు

పూర్వపక్షం: చలికాలంలో కొత్తిమీర రైతుబజారులో కట్టలు కట్టలుగా పడి ఉంటుంది. ఏడాది మొత్తంలో ఆకుకూరలు చవకగా దొరికే రోజులే ఇవి. చవగ్గా దొరికేదాన్ని పండించడం పొదుపు ఎలా అవుతుంది? మండువేసవిలో కట్ట ధర కొండెక్కినప్పుడు గదా పండించాలి?

ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ఆక్షేపణ కాదు. నిజానికి చలికాలపు తొలి తోట వల్ల మిగిలే డబ్బు ఎరువు బస్తాకు సరిపోతే గొప్ప. అయితే ధర ఎందుకు కొండెక్కుతుందో చూడాలి. ఎండ ముదిరితే కొత్తిమీర ఆకు మాని గబగబా పూతకు వస్తుంది. అనుభవజ్ఞుడైన రైతు కూడా నీడ కడితే తప్ప నిలబెట్టలేడు. అలాంటి మొక్క మీద కొత్తవాడు వేసవిలో చెయ్యి వేస్తే బాల్చీ కూడా మిగలదు. అది తప్పులు క్షమించేది ఈ మూడు నెలలే. పైగా కొన్న మట్టి ఎక్కడికీ పోదు. ఫిబ్రవరిలో అదే బాల్చీలో తోటకూర చల్లుకోవచ్చు, దానికి ఎండంటే ఇష్టం. రెండో పంట నుంచి ఖర్చు గింజలదే, ఆ గింజలూ చిటికెడే.

అలంకారం: స్వభావోక్తి అని ఒకరు, డబ్బు లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకున్నాడు గనుక వ్యాజస్తుతి అని ఒకరు. రెండూ పెట్టుకున్నా పైసా పడదు.

పాఠాంతరం: నాలుగో పాదం కొన్ని ఇళ్ళలో ‘ఆమె తోటమాలి యవనిలోన’ అని వినబడుతుంది. పరిశీలించగా యతి చెడలేదు, గణాలూ చెడలేదు. ఈ పాఠాన్ని సమర్థించేవారి వాదం ఇది: మేకు కాల్చినవాడూ, తొలిమొలక ఫోటో బంధువులందరికీ పంపినవాడూ ‘వాడె’ కావచ్చు, పొద్దున్నే కణుపు లోతున వేలు పెట్టి తడి చూసేది మాత్రం ‘ఆమె’. ప్రాచీన ప్రతి దొరికేదాకా రెండు పాఠాలనూ ఉంచుతున్నాం. మా ఇంట్లో మాత్రం రెండోదే చదవాలని ఆజ్ఞ.