మా రోజుల్లో పుస్తకం మూసేవాళ్ళం

డెబ్బైల్లో ఉప్పాడ నుంచి కాకినాడ పీఆర్ కాలేజీకి వెళ్ళి బీఎస్సీ చదివిన మాకు గోడ మీద టైం టేబుల్ ఉండేది కాదు. ఇంట్లో గుంట మగ్గం ఉండేది, మా వేళలన్నీ దాన్నిబట్టే. తెల్లారకముందే లేచి నాన్నకి కండెలు చుట్టిపెట్టాలి, ఆ తర్వాతే బస్సు. సముద్రం పోటెత్తి బీచ్ రోడ్డు కోసుకుపోతే పిఠాపురం మీదుగా చుట్టు తిరిగిపోవాలి. ఇల్లు చేరేసరికి దీపాలవేళ. భోజనాలయ్యాక మిగిలిన ఆ కాస్తసేపూ చదువుది. దాని జోలికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళం కాదు.

ఇవాళ మా మనవడికి విడిగా గది, ఫ్యాను, బల్ల అన్నీ ఉన్నాయి. సంతోషమే. నా పేచీ అల్లా ఆ ఫోనుతోనే. పుస్తకం తీస్తాడు, నాలుగు లైన్లు చదువుతాడు, అది టింగుమంటుంది. చూసి పక్కన పెడతాడు, మళ్ళీ మొదటి లైను నుంచి మొదలు. "మూడు గంటలు కూర్చున్నాను తాతయ్యా" అంటాడు. కూర్చున్న మాట నిజమే, చదివింది ఎంత? ఇంకో విడ్డూరం, ఎవరో అమ్మాయి ఎక్కడో కూర్చుని చదువుకునే వీడియో ఎదురుగా పెట్టుకుంటేగానీ వీడికి చదువు మీద ధ్యాస కుదరదట!

మేం బస్సులో నోట్సు తెరిచేవాళ్ళం కాదు. ఒళ్ళో పెట్టుకుని పక్కవాణ్ణి "ఇవాళ కెమిస్ట్రీలో ఏం చెప్పారో చెప్పరా" అని అడిగేవాణ్ణి. వాడు ఆగినచోట నేను అందుకోవాలి. వాకలపూడి దాటేసరికి ఎవరికి ఏం రాదో తేలిపోయేది. ఇద్దరికీ రాని ముక్కే ఇంటికెళ్ళి ముందు చూసేవాళ్ళం.

ఇది చాదస్తం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల చేత ఒక పాఠం రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠం ఒకసారి చదివించి, గుర్తున్నది చూడకుండా రాయించారు. అయిదు నిమిషాల్లో అడిగితే రెండుసార్లు చదివిందే బాగా వచ్చింది. వారం పోయాక అడిగితే అది 42 శాతమే గుర్తుంది, చూడకుండా రాసింది 56 శాతం. పరీక్ష ముందురోజు తెల్లవార్లూ చదివినవాడికి అంతా వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుందో ఇందులోనే ఉంది.

మాకు ఆంధ్రా యూనివర్సిటీ పరీక్షలు ఏడాదికోసారి. సంక్రాంతి దాకా బలాదూరు తిరిగినవాడికి కూడా ఎంతో కొంత వ్యవధి దొరికేది. ఇప్పుడు ఆరునెలలకో సెమిస్టరు, మధ్యలో ఇంటర్నల్స్. రోజు పాఠం రోజు చదవాల్సిన అవసరం మాకంటే వీళ్ళకే ఎక్కువ. వీళ్ళేమో ఇంపార్టెంట్ ప్రశ్నల పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చేదాకా పుస్తకం ముట్టరు.

రోజు పని రోజు చెయ్యాలని ఉప్పాడలో పుట్టిన పిల్లలకి వేరే చెప్పాలా? మన వీధుల్లో జాందానీ నేస్తున్నారు, 2009లో జీఐ గుర్తింపు వచ్చిన చీర. ఒక్క మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. పేక పోగు పడ్డప్పుడల్లా బుటా ఉన్నచోట చిన్న కండెతో రంగు పోగు చేత్తో దూర్చాలి, రెండువైపులా ఒకేలా రావాలి. పనితనాన్నిబట్టి ఒక చీరకి నెలలు పడుతుంది. చివరి వారంలో రాత్రింబవళ్ళు కూర్చుని లాగించేద్దామంటే అది అయ్యే పనేనా? చదువూ అంతే.

మావాణ్ణి నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఫోను వాళ్ళ మామ్మ దగ్గర పెట్టమన్నాను. "గ్రూపులో నోట్సు పెడతారు తాతయ్యా" అన్నాడు. తొమ్మిదిన్నరకి చూసుకుంటే ఆ నోట్సు ఎక్కడికి పోతాయి? ఆ తర్వాత పుస్తకం మూసి, చదివింది నాకు చెప్పమన్నాను. మీకేం అర్థమవుతుంది అంటాడు. అర్థం కానిచోట ఆపి అడుగుతాను. చెప్పలేకపోతే మళ్ళీ పుస్తకం తియ్యమంటాను.