చెల్లని రాజీనామా

కాగితం ముందే టైపు చేసి ఉంది. పేరు, క్లస్టర్ నంబరు, సంతకం ఉండాల్సిన చోట్లు మాత్రం ఖాళీ. 'ఎవరి ఒత్తిడీ లేకుండా, వ్యక్తిగత కారణాల వల్ల, స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను' అన్న వాక్యం నిండుగా ఉంది. ఒత్తిడి లేదని అంత గట్టిగా చెప్పుకునే కాగితం ఎక్కడ కనబడినా కాస్త అనుమానించడం మంచిది.

"సంతకం పెట్టమ్మా. అందరూ పెట్టేసినారు. నువ్వొక్కదానివే మిగిలింది" అన్నాడు ఊరి నాయకుడు.

"నేనెందుకన్నా రాజీనామా చేసేది? నేనేం తప్పు చేసినా?"

"తప్పు గిప్పు ఏం లేదులే. ఎలక్షన్లయ్యే దాకానే. మళ్లా మనమే వస్తాం, మళ్లా నిన్నే తీసుకుంటాం. పెట్టలేదనుకో, నీ పేరు యాడుంటాదో నేను చెప్పలేను."

పుంగనూరు దగ్గరి పల్లె. 2024 ఏప్రిల్ మొదటి వారం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని, ఫోన్లు, ట్యాబులు అప్పగించేయాలని మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశించింది. వాలంటీరుగా ఉంటే ప్రచారంలో తిరగడానికి లేదు. రాజీనామా చేస్తే ఎవరూ అడిగేవాళ్లు లేరు. అందుకే రాష్ట్రమంతటా అన్ని వేలమందికి ఒకేసారి 'వ్యక్తిగత కారణాలు' వచ్చిపడ్డాయి.

ఆమె 2019 ఆగస్టు 15న, వాలంటీర్ల వ్యవస్థ మొదలైన రోజునే చేరింది. భర్త మదనపల్లె మార్కెట్టుకు టమోటా లోడు తోలతాడు. కాయ ధర పడిపోయిన నెలల్లో ఇల్లు నడిపింది ఆమెకొచ్చే అయిదు వేలే. ఆమె కింద యాభై ఇళ్లు. ఒకటో తేదీ తెల్లవారకముందే లేచి, పింఛను డబ్బు నడుముకు కట్టుకుని బయల్దేరేది. శెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలరిగిన ముసలివాళ్ల వేళ్లు మిషనుకు ఆనేవి కావు. తడిగుడ్డతో తుడిచి, ఊది, బొటనవేలు కాకుంటే చూపుడువేలు, అదీ కాకుంటే రెండో చెయ్యి, అలా ఒక్కో గడపలో పావుగంట కూర్చునేది. కరోనా రోజుల్లో ఆ యాభై ఇళ్లకీ మందులిచ్చిందీ ఆమే. ఒక ఉగాదికి సేవామిత్ర అని శాలువా కప్పి, సర్టిఫికెట్టు ఇచ్చారు. దాన్ని ఆమె ఫ్రేము కట్టించుకుంది.

ఆమె సంతకం పెట్టింది. ఎంపీడీవో ఆఫీసులో కాగితం తీసుకుని, నకలు మీద ముద్ర కొట్టి తేదీ వేసి ఇచ్చారు. ఆ నకలు అడిగి తీసుకోవడం ఒక్కటే ఆమె ఆరోజు చేసిన తెలివైన పని.

కుప్పంలో ఆమె చిన్నాన్న కూతురు కూడా వాలంటీరే. ఆ పిల్ల మొండిఘటం. "నా ఉజ్జోగం నేనెందుకు వదులుకోవాల?" అని కాగితం తెచ్చినవాళ్ల చేతిలోనే పెట్టి పంపించింది. ఉగాది రోజున చంద్రబాబు నాయుడు తాము గెలిస్తే వాలంటీర్ల గౌరవ వేతనం పదివేలు చేస్తామన్నాక ఆ పిల్ల ఫోను చేసి, "చూసినావా అక్కా! నీకు తొందరెక్కువ" అని నవ్వింది. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు.

ఈ రాజీనామాలను ఎన్నికలు ముగిసేదాకా ఆమోదించవద్దని హైకోర్టుకు వెళ్లినవాడు కూడా పుంగనూరు బరిలో నిలబడ్డ మనిషే, భారత చైతన్య యువజన పార్టీ అధ్యక్షుడు బోడె రామచంద్ర యాదవ్. అప్పటికి రాజీనామాలు 62 వేల దాకా వచ్చాయని ఎన్నికల సంఘం తరఫున కోర్టుకు చెప్పారు. ఆ తర్వాత లక్ష దాటాయి.

జూన్‌లో ప్రభుత్వం మారింది. 'మాచేత బలవంతంగా రాయించుకున్నారు' అంటూ చాలా ఊళ్లలో మాజీ వాలంటీర్లు ఫిర్యాదులు పట్టుకుని బయల్దేరారు. ఈమె మదనపల్లెలో ఒక వకీలు దగ్గరికి వెళ్లింది. పెద్దాయన. ఫీజు సంగతి తర్వాత మాట్లాడదామన్నాడు, అదే ఆమెకు సగం ధైర్యం.

"బెదిరించి రాయించుకున్న రాజీనామా చెల్లదమ్మా" అన్నాడు. "ఒప్పందానికి ఇష్టపూర్వకమైన సమ్మతి ఉండాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్తోంది. బలవంతమని రుజువైతే అది రాజీనామా కాదు, ఉద్యోగంలోంచి తీసెయ్యడం కిందికే వస్తుంది. ఏడాది నిండిన కార్మికుణ్ణి ఉద్యోగాలు తగ్గించే పేరుతో తీసెయ్యాలంటే నెల నోటీసు ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం లెక్కగట్టి ఇవ్వాలి. రాజీనామా అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకునే హక్కుందని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. ఆ కేసు ఎవరిదనుకున్నావు? అలహాబాదు హైకోర్టు జడ్జిది! జడ్జిగారే రాసిచ్చి మనసు మార్చుకున్నారు."

"నేను ఇష్టంగా ఇయ్యలేదు సార్."

"ఆ మాట ఆరోజే రాసి రిజిస్టరు పోస్టులో పంపి ఉండాల్సింది. వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలున్నాయా? ఉన్నాయి కదా, చెరపొద్దు. మన కేసు బాగానే ఉందమ్మా."

జులై ఒకటిన పింఛను నాలుగు వేలు, మూడు నెలల బకాయి మూడు వేలు కలిపి ఏడు వేలు సచివాలయం వాళ్లు ఇంటింటికీ వచ్చి ఇచ్చారు. ఆమె తన గుమ్మంలో నిలబడి చూసింది. కుప్పం చెల్లెలు కూడా చూసింది. దానికి పదివేలు కాదు గదా, పాత అయిదు వేలూ రాలేదు. "ఆర్డరు రావాలంట అక్కా" అంది ఫోనులో. ఈసారి నవ్వలేదు.

ఆర్డరు నవంబరు దాకా రాలేదు. నవంబరులో శాసనమండలిలో మంత్రి డోలా శ్రీ బాల వీరాంజనేయ స్వామి జవాబు వచ్చింది. 2023 ఆగస్టు తర్వాత వాలంటీర్లను కొనసాగిస్తూ పాత ప్రభుత్వం ఉత్తర్వులే ఇవ్వలేదని, కాబట్టి వ్యవస్థలో వాలంటీర్లంటూ ఎవరూ లేరని ఆయన చెప్పారు.

మర్నాడే అక్కాచెల్లెళ్లిద్దరూ వకీలు ముందు కూర్చున్నారు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, ముద్ర ఉన్న నకలు చాలాసేపు చూశాడు.

"కేసేస్తే గెలుస్తామా సార్?" అంది ఆమె.

"రాజీనామా చెల్లదనే కదా మన వాదన?"

"అవును సార్."

"దానికి కోర్టు దాకా ఎందుకమ్మా? ప్రభుత్వమే ఒప్పేసుకుంది. నువ్వు రాసిచ్చే నాటికే ఆ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. లేని ఉద్యోగానికి రాజీనామా ఎట్లా చెల్లుతుంది?"

చెల్లెలు అందుకుంది. "మరి నేను రాజీనామా చెయ్యలేదు కదా సార్, నాదో?"

"నీది ఇంకా కష్టం తల్లీ. మీ అక్క ఉద్యోగంలో ఉన్నట్టు ముద్రపడిన ఈ రాజీనామా కాగితమన్నా ఉంది. నీకు అదీ లేదు."