గల్లీకంతా ఒక్క జాలీ

చేపల తొట్టి పెట్టుకున్నవాళ్ళకు సలహాలిచ్చే పుస్తకాలన్నీ చేపలను బతికించడం గురించే రాస్తాయి. ఇది అన్యాయం. చేపకు పట్టిన రోగానికీ ఒక బతుకుంది, దానికీ నాలుగిళ్ళు తిరిగి రావాలని ఉంటుంది. నిజామాబాద్‌లో, బోధన్‌లో మనం ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్న పద్ధతులను ఒకచోట చేర్చి, తొట్టిలో పుట్టిన రోగం తొట్టిలోనే ఆగిపోకుండా చూసుకునే విధానం ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు, చాలామందికి చేతనైన విద్యే.

కావలసిన సామాను: ఒక జాలీ, ఒక పైపు, ఒక స్పాంజి, అద్దం గీకే అయస్కాంతం. గల్లీలో తొట్లెన్ని ఉన్నా సామాను మాత్రం ఇదొక్క జతే ఉండాలి. ఎవరో ఒకరు కొంటారు, మిగతావాళ్ళు అడిగి పట్టుకుపోతారు. కొన్నాళ్ళకు కొన్నవాడే వెళ్ళి తన జాలీని తాను అడుక్కోవాలి.

మొదటి సూచన: అడగ్గానే ఇచ్చేయండి.

"అన్నా, మీ జాలీ ఒక్కసారి ఇస్తవా? గప్పీ పిల్లలు పెట్టింది."

"గింత దానికి అడుగుడేందే, తీస్కపో."

ఇందులో "మీ చేపలు బాగున్నయా?" అన్న ప్రశ్న లేదు, గమనించారా? ఉండకూడదు. ఆ మాట నోరు జారిందా, "ఏందన్నా, మా ఇంట్ల రోగమున్నదనుకుంటున్నవా?" అని ఎదుటివాడు మొహం మాడ్చుకుంటాడు.

రెండోది: జాలీని ఎండనివ్వకండి. వాడగానే తడితడిగా బకెట్లో పడేయండి. తెల్లమచ్చల రోగం సంగతి తెలుసుగా, దుకాణాల్లో ఇచ్ అంటారు. చేప ఒంటిమీద ఉప్పు చల్లినట్టు కనబడేవి ఉత్త మచ్చలు కావు, చర్మం కింద గూడు కట్టుకున్న పరాన్నజీవులు. చర్మం చాటున ఉన్నంతసేపు ఏ మందూ వాటిని తాకదు. కడుపు నిండాక చేపను వదిలి, కిందికి జారి, గులకరాయికో మొక్కకో జాలీ దారానికో అతుక్కుంటాయి. చుట్టూ పొర కట్టుకుని లోపల చీలిపోతూ ఒక్కొక్కటీ వందలవుతుంది, ఒక్కోసారి వెయ్యి దాకా. పొర పగిలి బయటపడ్డ పిల్లలకు రెండురోజుల్లో చేప దొరక్కపోతే చావే. మన ఇళ్ళల్లో నీళ్ళకుండే వేడికి ఈ చక్రం వారంలోపే ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే పొర పగలబోయే సమయానికి జాలీ పక్కింటికి చేరేలా చూసుకోండి. వాటికి మీరు చేయగల సాయం అంతకన్నా లేదు.

పూర్తిగా ఎండిన జాలీ మీద అవి బతకవు. మన ఊరితో వచ్చిన చిక్కంతా ఇదే. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు చూసే ఊరు ఇది. ఆర్మూర్, బాల్కొండ వైపు కళ్ళాల్లో పసుపు ఎండుతుంది, డాబాల మీద మిరపకాయలు, వడియాలు ఎండుతాయి, ఆరు గజాల చీర పిండి ఆరేస్తే చూస్తుండగానే ఆరుతుంది. అరచేయంత జాలీని తీగ మీద వేలాడదీయాలని మాత్రం ఎవరికీ తోచదు. అదృష్టం.

మూడోది: పైపును నోటితోనే పీల్చండి. నాలుగిళ్ళ నీళ్ళ రుచి తెలుస్తుంది.

నాలుగోది: వేలు తెగినరోజే తొట్టి కడగండి. చేపలకు క్షయలాంటి జబ్బు తెచ్చే మైకోబాక్టీరియం మెరైనమ్ 1926లో అమెరికాలో, ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల్లో బయటపడింది. 1951లో స్వీడన్‌లో, ఈతకొలనులో దిగినవాళ్ళ చర్మం మీది పుండ్లలోనూ అదే ఉందని తేలింది. దానికి ముప్పై డిగ్రీల వేడి హాయి, మన ఒంటిలోపలి వేడి పడదు. అందుకని చేతులమీది చల్లటి చర్మంలోనే గడ్డలుగా తిష్ఠ వేసి నెలల తరబడి పోదు. బ్లీచింగుకు అంత తేలిగ్గా లొంగదు గానీ స్పిరిటుకు లొంగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో చేపలున్నాయన్న ముక్క పొరపాటున కూడా చెప్పకండి, పాపం ఆయనను తిప్పలు పడనివ్వండి.

అయిదోది: తొట్లు కడిగే అబ్బాయిని మాట్లాడుకోండి. బండి మీద ఒక బకెట్, అందులో ఒక స్పాంజి. పొద్దున ఎవరింట్లోనో వాస్తు కోసం పెట్టిన ఫ్లవర్‌హార్న్, మధ్యాహ్నం బట్టల షోరూములో గోల్డ్‌ఫిష్, సాయంత్రం ఖలీల్‌వాడీలో ఏదో ఆస్పత్రి వెయిటింగ్ హాలు. లోపల డాక్టరు పేషెంటు పేషెంటుకూ చేతులు కడుక్కుంటుంటే, బయట హాల్లోని తొట్టికి ఊళ్ళో చేపల కేసులన్నీ టోకెన్ లేకుండా వచ్చి పడుతుంటాయి. ఆ అబ్బాయిని అని లాభం లేదు. ఇంటికో స్పాంజి పెట్టమంటే ఆ డబ్బులెవరిస్తారు? అతను చెప్పిన రేటులో యాభై తగ్గించేదాకా మనం వదలం.

ఆరోది: నీళ్ళలో చిటికెడు పసుపు వేసి నిశ్చింతగా ఉండండి. 2025 సంక్రాంతికి జాతీయ పసుపు బోర్డే మన ఊళ్ళో వెలిసింది, ఇంకా భయమెందుకు?

ఏడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: కంటికి కనబడితేనే రోగమనుకోండి. బోధన్ వాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి 2015 డిసెంబరులో మూతపడేదాకా ఆ నేల చెరుకు చుట్టే తిరిగింది. చెరుకులో పిలక తోటను గిడసబార్చే తెగులు ఒకటుంది. 1944-45లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మొదట కనిపెట్టారు. పైకి ఏ ఆనవాలూ ఉండదు. ఆకు పచ్చగానే ఉంటుంది, దుబ్బు మామూలుగానే ఉంటుంది, గడ మాత్రం కాస్త సన్నగా, కాస్త పొట్టిగా వస్తుంది. రైతు నీళ్ళను తిడతాడు, ఎరువును తిడతాడు, కాలాన్ని తిడతాడు. తెగులేమో నరికిన కత్తి మీదా, ఆ తోటలోంచి తీసిన ముచ్చెల్లోనూ హాయిగా ప్రయాణం చేస్తుంటుంది. ఈ చేనులో రసం అంటిన కత్తి రేపు ఆ చేనులో దిగుతుంది. ముచ్చెలను యాభై డిగ్రీల వేడినీళ్ళలో రెండు గంటలుంచాలని, కత్తిని మందునీళ్ళలో ముంచి గాని మరో చేనులోకి దిగకూడదని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. సరే, చెరుకు కొట్టే జట్టు గట్టు మీదికి రాగానే "ముందు కత్తులు కడుక్కోండి" అనండి చూద్దాం. జట్టు పక్క చేనుకు పోతుంది, మీ తోట నిలబడి ఎండుతుంది.

కోస్తా రొయ్యల రైతులు మాత్రం ఈ మర్యాద చెడగొట్టారు. 1994లో వైట్‌స్పాట్ వైరస్ వాళ్ళ చెరువులను ముంచేసింది. మన తొట్టిలోని ఇచ్‌కూ దానికీ పేరులో పోలికే తప్ప చుట్టరికం లేదు. ఆ దెబ్బ తిన్నాకే చెరువుకో వల, గట్టు మీద కాళ్ళు ముంచే మందునీళ్ళు, పీతలు దూరకుండా కంచె, పక్షులు వాలకుండా దారాలు వచ్చాయి. లక్షలు పోగొట్టుకున్నవాడు వల ఇవ్వనంటే తప్పుపట్టే వాళ్ళుండరు. మనకు పోయేది ఒక గప్పీ. దానికోసం పక్కింటాయనతో మాట చెడగొట్టుకోవాలా? దాపరికం లేకుండా చెబితే, ఈ లెక్క నాకూ సబబుగానే తోస్తుంది. చచ్చిన చేపను మల్లెకుండీలో పూడ్చేస్తే అయిపోతుంది. "జాలీ అడిగితే ఇయ్యలేదు" అన్న మాట దసరా జమ్మి పంచుకునేటప్పుడు కూడా లేచి కూర్చుంటుంది. పైగా పంచుకోవడమంతా పాపం కాదు. కొత్త తొట్టి పెట్టినవాడికి పాత ఫిల్టర్లోని మగ్గిన స్పాంజి ముక్క ఇస్తే, అందులోని మంచి బాక్టీరియా అమ్మోనియాను విరిచి అతని చేపలను కాపాడుతుంది. ఆ ముక్కమీదే రోగమూ రాగలదు. ఏది వస్తుందో తెలియాలంటే ఇందాక చెప్పిన ప్రశ్న అడగాలి, అది మనవల్ల కాదు.

ఎనిమిదోది: తొట్టి మొత్తం పాడైతే మిగిలిన చేపలనూ నీళ్ళనూ అలీసాగర్‌లో వదిలి పుణ్యం కట్టుకోండి. అద్దం నాకి శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేపను ఇలాగే ఎవరెవరో వదిలితే, ఇవాళ ఆంధ్ర జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటూ చిరిగిన వలలు కుట్టుకుంటున్నారు.

ఇక చేయకూడని పనులు. తొట్టికొక జాలీ కొనకండి, రెండు ప్లేట్ల మిర్చీల డబ్బు దండగ. కాడ మీద నెయిల్‌పాలిష్‌తో గుర్తు పెట్టుకోకండి. జాలీని బ్లీచింగ్ నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, ఎండలో వేయకండి. క్లోరిన్ విరిచే మందు వాడకండి, వెనకట ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో అదే అయినా సరే. దుకాణం కవర్లోని నీళ్ళు పారబోయకండి. కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచకండి. మంచి తొట్టిని ముందు, జబ్బు తొట్టిని ఆఖరున కడగడం లాంటి వరసలు పెట్టుకోకండి.

ఎప్పుడైనా జాలీ ఇవ్వకూడదని బుద్ధి పుడితే అబద్ధం ఒక్కటే దారి. అవతలివాళ్ళ చేపలను ఏమీ అనకుండా నింద మన చేపల మీదే వేసుకోవాలి.

"మా తొట్ల రోగమొచ్చిందే తమ్మీ. నాలుగు చేపలు సచ్చిపోయినయ్. ఈ జాలీ ముంచితే మీ వాటికి గూడ అంటుకుంటది."

ఇంతకన్నా గట్టి సాకు నాకు తెలిసి లేదు. దానికి వచ్చే జవాబు:

"ఏం గాదే అన్నా, నల్లా కింద కడుగుత గదా. ఇయ్యరాదు."