అచ్చయినట్టే జరిగి ఉంటే

మనిషికి జ్ఞానం ఏయే దారుల్లో కలుగుతుందో వివరిస్తూ న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను ఒప్పుకుంది. వీటిలో శబ్దమంటే నమ్మదగినవాడు చెప్పిన మాట. అనుమానమంటే కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం. దినపత్రికలు పుట్టాక ఐదో ప్రమాణం ఒకటి వాడుకలోకి వచ్చినా శాస్త్రకారులు దాన్ని ఇంకా గుర్తించలేదు. అది పతాక శీర్షిక, అంటే మొదటి పేజీలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లావుపాటి అక్షరాల్లో పరిచే మకుటం. పొగ రాకముందే నిప్పును ప్రకటించగలగడం దాని ప్రత్యేకత. లోకం శీర్షికకు కట్టుబడి నడిచి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న పరిశీలించదగినదే అయినా, చరిత్రకారులు జరిగినదాని వెంటపడి, జరిగినట్టు అచ్చయినదాన్ని గాలికి వదిలేశారు.

ఈ శాఖలో అగ్రతాంబూలం 1948 నవంబరు 3 నాటి షికాగో డైలీ ట్రిబ్యూన్ మొదటి ఎడిషన్‌కు దక్కాలి. ముందురోజు జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలో పదవిలో ఉన్న ట్రూమన్‌ను డ్యూయీ ఓడించాడని ఆ పత్రిక మూడు ముక్కల్లో తేల్చేసింది. లెక్క పూర్తయ్యాక ఓడినట్టు అచ్చయిన హ్యారీ ట్రూమన్‌కు 303 ఎలక్టోరల్ ఓట్లు, గెలిచినట్టు అచ్చయిన టామస్ డ్యూయీకి 189 వచ్చాయి. తప్పు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే అచ్చుగదిలోకి తొంగిచూడాలి. షికాగోలోని కంపోజిటర్లు, అనగా అచ్చుకు అక్షరాలు కూర్చే పనివారు, 1947 నవంబరు నుంచి సమ్మెలో ఉండటంతో, వార్తలను టైపు కొట్టించి, ఆ కాగితాలను ఫోటో తీయించి, ఆ ఫోటోల నుంచి లోహపు బ్లాకులు చేయించి అచ్చు వేయవలసి వచ్చేది. ఇంత ప్రదక్షిణానికి గంటల సమయం పట్టేది కనుక పేజీని ఎంతో ముందుగా ముగించాలి. ఓటర్లేమో తమ సమ్మతిని కంపోజిటర్ల సమ్మెతో ముడిపెట్టుకోలేదు. వాషింగ్టన్ నుంచి రాసే ఆర్థర్ సియర్స్ హెన్నింగ్ తలపండిన రాజకీయ విలేఖరి, ఆయన అంచనాతో పాటు అభిప్రాయ సేకరణలు కూడా డ్యూయీ వైపే ఉన్నాయి. ఆ విధంగా అనుమాన ప్రమాణం శబ్ద ప్రమాణం వేషం కట్టి, దాదాపు లక్షా యాభై వేల ప్రతుల్లో వీధుల్లోకి వెళ్లింది.

శీర్షికే చెల్లుబాటై ఉంటే, ఆ రాత్రి మిసోరీలోని ఎక్సెల్సియర్ స్ప్రింగ్స్ హోటల్లో ఒక శాండ్‌విచ్ తిని, గ్లాసుడు పాలు తాగి పెందరాళే పడుకున్న ట్రూమన్‌ను లేపి, “అయ్యా, తమరు ఓడిపోయారు” అని చెప్పవలసి వచ్చేది. “ఓట్లు లెక్కపెట్టారా?” అని ఆయన అడిగితే, “అవి వస్తున్నాయండి, ముందు పేపరు చూడండి” అనడమే శాస్త్రసమ్మతమైన సమాధానం. అయితే అసలు చిక్కు డ్యూయీకి. ఆ ఏడాది వేసవిలో ట్రూమన్ కూతురి పియానో కాలు వైట్‌హౌస్ పై అంతస్తు నేలలోంచి దిగబడింది. భవనం కూలేటట్టు ఉందని ఇంజినీర్లు చెప్పగా, నవంబరులో ట్రూమన్ కుటుంబం ఎదురుగా ఉన్న బ్లెయిర్ హౌస్‌కు మారింది, మరమ్మతులు 1952 దాకా సాగాయి. ట్రూమన్ ఇల్లు ఖాళీ చేశాడన్నంత వరకు శీర్షిక నెగ్గినట్టే. ఆ ఇంట్లో గృహప్రవేశం చేసిన డ్యూయీ మాత్రం పై అంతస్తులో పాలు పొంగించబోయి గిన్నెతో సహా కింది అంతస్తులో తేలేవాడు, అదీ మరో పతాక శీర్షికయ్యేది.

మరొక నష్టమూ ఉంది. నవంబరు 4న సెయింట్ లూయిస్ స్టేషన్‌లో రైలు వెనుక వేదిక మీద నిలబడి, ఆ పత్రికను రెండు చేతులా పైకెత్తి ట్రూమన్ నవ్విన నవ్వే దాన్ని అమరం చేసింది. శీర్షిక నిజమై ఉంటే లక్షా యాభై వేల ప్రతులూ మర్నాటికి పొట్లాలయ్యేవి.

కొన్ని శీర్షికలు తొందరపాటువి కావు, తీరిగ్గా అల్లినవి. 1835 ఆగస్టు 25 నుంచి న్యూయార్క్ సన్ అనే ఒక సెంటు పత్రిక, గుడ్‌హోప్ అగ్రం దగ్గర జాన్ హెర్షెల్ 24 అడుగుల వ్యాసం, సుమారు ఏడు టన్నుల బరువు గల కటకంతో చంద్రుడి మీద జీవులను చూశాడని ఆరు భాగాల్లో రాసింది. హెర్షెల్ అనే ఖగోళవేత్త నిజంగానే అప్పుడు అక్కడ ఉన్నాడు, మిగతాదంతా కల్పన. గబ్బిలపు రెక్కల మనుషులతో పాటు, రెండు కాళ్ల మీద నడుస్తూ పిల్లలను చేతుల్లో ఎత్తుకునే బీవర్లు (భూమ్మీద వాగులకు కొమ్మలతో ఆనకట్టలు కట్టే జంతువులు) అందులో కనిపిస్తాయి. వాటి గుడిసెల మీద పొగ కనిపించింది కనుక వాటికి నిప్పు తెలుసునని రచయిత తీర్మానించడం చూస్తే, అతడు న్యాయదర్శనం చదవకుండానే అనుమాన ప్రకరణం పూర్తిచేశాడని ఒప్పుకోక తప్పదు.

ఈ వార్త అమల్లోకి వచ్చి ఉంటే దాని భారం చివరికి శ్రీహరికోట మీద పడేది. 2023 జూలై 14న అక్కడి నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగేనాటికి, సన్ కథ మొదలై 188 ఏళ్లు నిండటానికి రెండు రోజులు తక్కువ. చంకలో పిల్లను వేసుకుని, ఆకాశంలో భూమిని చూపించి, రమ్మని పిలుస్తూ గోరుముద్దలు తినిపిస్తున్న బీవర్ తల్లి ఎదుట, పిలిచినదానికి నిజంగానే పలికినట్టు, 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ ఆరు చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చి ఉండేది. పిల్ల ఆ పూటకు అన్నం మానేసేదన్నది నిశ్చయం. గుడిసె ముందు మట్టిని పరీక్షించడానికి పంచాయతీ అనుమతి ఉందా అని ఊరి పెద్ద బీవర్ నిలదీసేదన్నది దాదాపు నిశ్చయం.

ఎగరని ఎగిరే యంత్రాల మీద 1903 అక్టోబరు 9న న్యూయార్క్ టైమ్స్ రాసిన సంపాదకీయం ఇంతకంటే ఓపికైనది. లాంగ్లీ అనే శాస్త్రవేత్త తయారుచేసిన యంత్రం పొటోమాక్ నదిలో పడ్డాక, గణితజ్ఞులు, యంత్ర నిపుణులు ఎడతెగకుండా శ్రమిస్తే పది లక్షల నుంచి కోటి ఏళ్లలో విమానం సాధ్యం కావచ్చని అది లెక్కగట్టింది. 69 రోజులకే, డిసెంబరు 17న, రైట్ సోదరులు ఆనాటి తొలి ప్రయత్నంలో 12 సెకన్లు గాల్లో ఉండి లెక్క తప్పించారు. ప్రకృతి సంపాదకీయాన్ని మన్నించి ఉంటే, మేనకోడలిని పెళ్లిబుట్టలో ఎత్తుకోవడానికి డాలస్ నుంచి బయలుదేరిన మేనమామ, సెలవు దొరికి, ఓడ దొరికి, విశాఖ రేవులో దిగేసరికి సీమంతం భోజనాలు వడ్డిస్తూ ఉండేవారు.

అదే పత్రిక 1920 జనవరి 13న, శూన్యంలో నెట్టుకోవడానికి ఏమీ ఉండదు కనుక రాకెట్ అక్కడ పనిచేయదని, రాకెట్ల శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌కు హైస్కూలు పాటి జ్ఞానం కూడా లేదని తీర్పు చెప్పింది. గొడార్డ్ 1945లో మరణించాడు. సవరణ, అనగా పత్రిక తన తప్పును తానే ఒప్పుకుంటూ వేసే చిన్న ప్రకటన, 1969 జూలై 17న పడింది; అపోలో 11 బయలుదేరింది జూలై 16న. అంటే తీర్పు అమల్లో ఉండగానే ముగ్గురు వ్యోమగాములు వాతావరణం దాటిపోయారు. శీర్షికాశాస్త్రం ప్రకారం వారు గాలి పొలిమేర దగ్గర వాహనం ఆపి, తెల్లవారి పేపరు వచ్చేదాకా వేచి ఉండి, సవరణ చదువుకుని, ఆ తర్వాతే ఇంజన్ మళ్లీ వెలిగించుకోవాలి. వారు ఆగలేదు, కనుక ఆ తొలిరోజు ప్రయాణమంతా సాంకేతికంగా అక్రమమే.